మాట పొట్టేలు, సర్కారు తాళం

కేతేపల్లి
17-1-1949, సోమవారం

మన వంశంలో మొదటిసారి సర్కారు కొలువు ఎక్కిన కొడుకు జంగయ్యకు, మీ నాయిన చెన్నయ్య తలపాగా గట్టిగా చుట్టుకుని రాస్తున్న ఉత్తరం.

తలపాగా సంగతి ఎందుకంటే, నీ ఉత్తరం చదువుతూ ‘సారా బట్టీలో ఆబ్కారీ దారోగా’ అన్న మాట దగ్గరికి రాగానే నా చెయ్యి దానంతట అదే తలమీదికి పోయింది. దారోగా అంటే తలపాగా తీయడం ఎన్నో ఏండ్ల అలవాటు. మీ అమ్మ చూసి, “కొడుకు ముందల గూడ తలపాగ తీస్తవా ముసలోడా” అని కడుపు పట్టుకుని నవ్వింది. నాకూ నవ్వొచ్చింది. నవ్వుతూ నవ్వుతూ కళ్లలో నీళ్లొచ్చాయి. అవి నవ్వు నీళ్లే, ఫికర్ చేయకు.

సర్కారుది కాని ఖాన్గీ బడిలో నేను రెండు వానకాలాలు కూర్చున్న చదువు ఈనాటికి అక్కరకు వచ్చింది. నీ ఉత్తరం మంద దగ్గర చదివాను, కంసాలి కొట్టు ముందు చదివాను, కల్లు గీసే కాటమయ్య చెట్టు మీద ఉంటే కింద నిలబడి చదివాను. ఆయన పైనుంచే అన్నాడు, “మేం గీత గీత గీసి లొట్టి నింపుడు. నీ కొడుకు కాలువ పారిచ్చినట్టు పారిస్తడట గద.” అవునని చెప్పాను. సారా బట్టీ అంటే ఏమిటో నాకు తెలియదు, అయినా అవుననే చెప్పాను.

నీకు గుర్తుందో లేదో, వెనక దారోగా తాటిచెట్లు లెక్కపెట్టడానికి వస్తే ఆయన గుర్రం ఆగేది మన దొడ్డి ముందర. చెట్లు కాటమయ్యవి, పోయేది మాత్రం మన గొర్రెపిల్ల. వెట్టి అంటే అదే కదా. ఎర్రజెండా సంగం వచ్చి ఆ వెట్టిని తీసేసింది. ఆ తర్వాత పగలు మిలిటరీ, రాత్రి దళం, ఇద్దరికీ ఆకలే. మందలో కొమ్ములున్నవి కరువయ్యాయి. అయినా కొడుకా, ఇప్పుడు నాకు ఏదీ తక్కువ అనిపించడం లేదు.

ఇంకొక సంబురం. మీ మేనమామ మారయ్య మాట ఇచ్చాడు. తన బిడ్డ జానమ్మ నీకే. మొన్న మాట పొట్టేలును తోలుకొచ్చి మన దొడ్డిలో కట్టాడు. చదువులో పడి మన పద్ధతి మరిచిపోయావేమో, చెబుతున్నాను. పెండ్లి దాకా ఆ పొట్టేలు మన దగ్గరే ఉండాలి. పెండ్లినాడు మెడలో గంటతో అందరి ముందూ అదే నడవాలి. మాట వద్దనుకున్నవాడు పొట్టేలును వెనక్కి తోలాలి. మనకు ఆ చివరి సంగతి అక్కర లేదు. వైశాఖంలో ముహూర్తం పెట్టిద్దాం.

అక్కడ నీకు అన్నం ఎవరు పెడుతున్నారు? నీ మీద దొర ఎవరు? మంచివాడేనా? అన్నీ రాయి.

ఆనందం పట్టలేక చెయ్యి వంకర పోతున్న
మీ నాయిన


సారా బట్టీ, పాలమూరు జిల్లా
29-1-1949

నాయినకు, అమ్మకు జంగయ్య దండాలు.

నీ ఉత్తరం చదివి నేనూ నవ్వాను. మొదట అమ్మకు చెప్పు, నేను సారా తాగడం లేదు. ఇక్కడ గాలి పీలిస్తేనే తల బరువెక్కుతుంది, తాగే పని ఏముంది.

బట్టీ అంటే పెద్ద రేకుల షెడ్డు. ఇప్ప పువ్వును తొట్లలో నానబెట్టి పులియబెడతారు. దాన్ని పెద్ద రాగి బానలో కాస్తారు. ఆవిరి రాగి గొట్టంలో చల్లబడి, చుక్క చుక్కగా ఒక పీపాలోకి దిగుతుంది. ఆ పీపా ఉన్న గదికి రెండు తాళాలు. ఒకటి బట్టీ నడిపే గుత్తేదారుది, ఇంకొకటి నాది. నా తాళం మీద సర్కారు లక్క ముద్ర ఉంటుంది. రెండు తాళం చెవులూ కలిస్తేనే తలుపు తెరుచుకుంటుంది. తెరిచాక సారాలో గాజు కొలత వేసి చూస్తాను. అది ఎంత లోతు మునిగితే అంత ఘాటు. ఘాటు రాసుకుని, పీపాలు కొలిచి, సుంకం కట్టాకనే బండ్లు గేటు దాటాలి. నేను లేకుండా ఒక్క చుక్క బయటికి పోదు. ఆ చెవి మొలతాడుకే ఉంటుంది, స్నానం చేసేటప్పుడు కూడా.

ఉండటానికి గుత్తేదారు బట్టీ ఆవరణలోనే గది చూపించాడు. మాట మర్యాద ఉన్నవాడే. అన్నం నేనే వండుకుంటున్నాను. జొన్నరొట్టె మాత్రం అమ్మ చేతిలాగా గుండ్రంగా రావడం లేదు.

చెవి తీసుకునే మనిషి వస్తేనే నాకు సెలవు. వైశాఖానికి ఇప్పటినుంచే అర్జీ పెడతాను. జానమ్మ చిన్నప్పుడు నా పలక పగలగొట్టింది, ఆ సంగతి గుర్తు చేయి.

జంగయ్య


కేతేపల్లి
10-2-1949, గురువారం

చెవిని మొలతాడుకు కట్టుకున్న చల్లని నా కొడుక్కి,

ఇంత పెద్ద సంగతిని అంత చిన్నగా రాస్తావా? గుత్తేదారు తన సారా గదికి చెవి నీ చేతిలో పెట్టాడు. లోకంలో ఎవడైనా ఇంటి చెవి ఎవరికి ఇస్తాడు? సొంత కొడుక్కి ఇవ్వడానికే వెనకా ముందూ ఆడతాడు. నా అయ్య ధాన్యపు గుమ్మి చెవి చచ్చేదాకా నాకివ్వలేదు. అలాంటిది నిన్న మొన్న వచ్చిన పిల్లవాణ్ణి నమ్మి సగం తాళం అప్పగించి, ఉండటానికి గది కూడా ఇచ్చాడంటే ఆయన మనిషి కాడు, దేవుడు. ఈ మాట అందరికీ చెప్పాను. నమ్మనివాళ్లకు రెండోసారి చెప్పాను.

మన పద్ధతి ఏమిటి? పిల్లవాణ్ణి ఒకరి మందలో పనికి పెడితే, తండ్రి పొట్టేలును తోలుకుపోయి ఆ ఇంటి ముందు కట్టి, “మా పిల్లగాన్ని మీ నీడకు ఇడిచిన” అని చెప్పి రావాలి. మా అయ్య నాకు అట్లా చేశాడు. నేను నీకు చేయకపోతే నన్ను తండ్రి అంటారా? నేను రాలేను, మోకాలు ఒప్పుకోదు. మన పాలివాడు మల్లన్న మందను మేపుకుంటూ కృష్ణ ఒడ్డుకు పోతున్నాడు. దారిలోనే మీ బట్టీ. ఆయన వెంట పొట్టేలును పంపాను. ఆ ఇంటికి తగినట్టు ఉండొద్దా అని మందంతా వెతికాను. ఉన్నవన్నీ బక్కవి. నలుగురిలో నిలబెట్టదగ్గది మాట పొట్టేలు ఒక్కటే. మారయ్య మనవాడే కదా, పెండ్లి నాటికి అంతకంటే మంచిది చూద్దాంలే అని పసుపు పూసి, గంట తీయకుండా అదే పంపాను. మీ అమ్మకు చెప్పలేదు. నువ్వూ రాయకు.

నా ఉత్తరం టపాలో వస్తుంది, పొట్టేలు నడిచి వస్తుంది. కాబట్టి ముందు ఈ సంగతి నీకు తెలుస్తుంది. గుత్తేదారు పక్కన నిలబడి పొట్టేలుకు ఎదురుపో. ఆయన మొహం ఎలా వెలిగిందో నాకు రాయి.

పలక సంగతి జానమ్మకు చెప్పాను. “పలక పలిగినందుకే గద దారోగా అయిండు, పలగకపోతే ఇంకా అదే దిద్దుకుంట కూసుండు” అన్నది.

నీ నీడ చల్లగా ఉండాలని కోరే
నాయిన


సారా బట్టీ
22-2-1949

నాయినా,

మల్లన్న పెదనాయిన పొట్టేలును తెచ్చి నేరుగా గుత్తేదారు చేతికిచ్చి పోయాడు. నేను లోపల కొలతలో ఉన్నాను. నాకు తెలిసేసరికి ఆయన దాన్ని గేటుకు కట్టేసి, దండ వేసి, వచ్చిపోయే బండివాళ్లందరికీ చూపిస్తున్నాడు. నువ్వు ఉత్తరం ఏదైనా రాసి ఉంటే నాకింకా అందలేదు.

ఇకమీదట ఏ ఇంటికీ ఏ జీవాన్నీ పంపకు. నన్ను అడగకుండా ఏదీ చేయకు. పొట్టేలును దేవరకొండ మీదుగా నకిరేకల్ అంగడికి పోతున్న గొర్లవాళ్లతో వెనక్కి తోలిస్తున్నాను. ఇక్కడ పరిస్థితి బాగాలేదు. సెలవు సంగతి ఇప్పుడే చెప్పలేను.

అమ్మ జాగ్రత్త.

జంగయ్య


కేతేపల్లి
7-3-1949, సోమవారం

మాటలు తక్కువ చేసిన కొడుకు జంగయ్యకు,

పొట్టేలు ముందు వచ్చింది, నీ ఉత్తరం వెనక వచ్చింది. ఉత్తరమే ముందు వచ్చి ఉంటే ఎంత బాగుండేదో. వచ్చినా అందులో ఉన్నది గోరంత.

పొద్దున్నే అంగడికి పోయే గొర్లవాళ్లు పొట్టేలును మన దొడ్డి ముందు వదిలి, “మీ దారోగా తోలిండు, తీస్కోండ్రి” అని చెప్పి వెళ్లిపోయారు. గంట చప్పుడుకు ఊరంతా తలుపులు తీసింది. మీ అమ్మ చీపురు చేతిలో పట్టుకునే వచ్చి నిలబడింది. “మాట పొట్టేలు ఏడ వాయె అంటె మేతకు పోయిందన్నవు. పాలమూరు దాక పోయిందా మేతకు” అని అడిగింది. చీపురు కింద పెట్టమని బతిమాలుకున్నాను.

ఇక ఊరివాళ్ల మాటలు. నీ నౌకరీ పోయిందని కొందరు. గుత్తేదారు నిన్ను వెళ్లగొట్టి పొట్టేలును మొహాన కొట్టాడని కొందరు. అవన్నీ నేను పట్టించుకోలేదు. నిజంగా నౌకరీ పోయినా సరే కొడుకా, మొహం దాచుకోకు, వచ్చెయ్యి. మంద ఉంది, నేనున్నాను. దారోగాగా కొన్నాళ్లున్నా దారోగాయే.

కానీ మారయ్య అర్థం చేసుకున్నది వేరు. మాట పొట్టేలును పెండ్లికొడుకే వెనక్కి తోలాడంటే మన పద్ధతిలో ఒకటే అర్థం కదా. సాయంత్రం వచ్చి, గొంగడి భుజం మీదినుంచి దించకుండానే నిలబడ్డాడు. “బావా, నా బిడ్డకు ఏం తక్కువైందో చెప్పు” అన్నాడు. నేనే గుత్తేదారుకు పంపానని చెబితే ఇంకా మండిపోయాడు. “నా మాటను తీస్కపోయి సారా దుకాణపోని గేటుకు కడతవా? సరే, నువ్వంటే ముసలోనివి. సదువుకున్న పిల్లగాడు దాన్ని ఉంచుకోవచ్చు గద, ఎల్లగొట్టుడు ఎందుకు?” ఎందుకో చెబుదామని మళ్లీ వెతికాను. నీ ఉత్తరంలో ఒక్క ముక్క కూడా లేదు.

జానమ్మ మాత్రం పొట్టేలుకు కుడితి పెట్టిపోయింది. “దీని తప్పేముంది, నడిచి నడిచి వచ్చింది” అన్నది. పోతూ పోతూ, “దారోగాకు చెప్పుండ్రి, ఎవరినన్న చూసుకుంటే నోటితోని చెప్పుమను, పొట్టేలుతోని చెప్పిచ్చుడు ఏంది” అన్నది. ఆ పిల్ల కోపంలో కూడా మాట పొల్లుపోదు. నాకు ఆ కోడలే కావాలి, జంగయ్యా.

హోళీ పున్నమి వెళ్లగానే మారయ్య నీ దగ్గరికి బయలుదేరుతున్నాడు. గేటు దగ్గర నిలబెట్టి అడుగుతానంటున్నాడు. నువ్వు ఆ పిల్లను కాదన్నావా? నిజం రాయి. ఏదైనా సరే నా కొడుకువే.

నాయిన


సారా బట్టీ
14-3-1949

నాయినా,

నీ రెండు ఉత్తరాలూ ఒక్కరోజే వచ్చాయి. ఫిబ్రవరిలో రాసినది నకిరేకల్ మిలిటరీ క్యాంపులో విప్పి చూసి, మళ్లీ అతికించి పంపారు. అది చదివాకనే అది మాట పొట్టేలని నాకు తెలిసింది. జానమ్మను నేను కాదనలేదు. ముందు ఆ మాట మామకు, ఆ పిల్లకు చెప్పు. నేను పొట్టేలును వెళ్లగొట్టలేదు, ఇంటికి చేర్చాను.

గుత్తేదారు నన్ను నమ్మి చెవి ఇవ్వలేదు నాయినా. ఆయన సర్కారును నమ్మడు, సర్కారు ఆయనను నమ్మదు. అందుకే రెండు తాళాలు. ఇద్దరి మందలు ఒకే దొడ్డిలో కడితే, పొద్దున విడిచేటప్పుడు గడప దగ్గర ఇద్దరూ నిలబడి చూసుకుంటారు కదా, అలాంటిది. ఆయన సారా కాస్తాడు, సర్కారు తరఫున నేను ఆయన మీద కాపలా. కాపలావాడి తండ్రి ఆయనకు పసుపు పూసిన పొట్టేలు పంపి ‘మీ నీడకు ఇడిచిన’ అన్నాడు. ఆయన దేవుడు అనుకున్నావు, ఆయన మొహం నిజంగానే వెలిగింది.

మర్నాడే వచ్చి, “ఇగ మనం మనం ఒక్కటి, కొలతలెందుకు దారోగా సాబ్, జర తాళం తీసి పెట్టు, రెండు బండ్లు ముందు పోనీ” అన్నాడు. తీయనన్నాను. పొట్టేలును గేటు నుంచి విప్పించి మన ఊరికి తోలించాను. అక్కడే ఆయనకు దారి దొరికింది. తన గేటుకు కట్టిన పొట్టేలును దారోగా లంచంగా అడిగి, సొంతూరికి తోలించుకున్నాడని హైదరాబాదుకు షికాయతు, అంటే ఫిర్యాదు, పంపాడు. పొట్టేలు గేటు దగ్గర ఉండటం అందరూ చూశారు. నేను పిలిచిన గొర్లవాళ్లు దాన్ని తోలుకుపోవడం కూడా అందరూ చూశారు. అది మనదేనని చెప్పాల్సిన మల్లన్న పెదనాయిన ఏ కృష్ణ ఒడ్డున ఉన్నాడో. నేను చెబితే ఎవరు నమ్ముతారు? నువ్వు చెప్పినా కొడుకు కోసం చెప్పావంటారు.

ఈ నెల ఇరవై ఒకటిన మొహతమీం సాబు, అంటే జిల్లా ఆబ్కారీ పెద్ద, బట్టీ తనిఖీకి వస్తున్నాడు. షికాయతు కూడా అప్పుడే తేలుతుంది. నౌకరీ పోతే పోనీ అన్నావు. అది పోవడం ఒక్కటే కాదు. లంచం తిన్నవాడన్న పేరు మోసుకుని రావాలి. వెనకటి దారోగాలను మనం ఏమనుకునేవాళ్లమో, రేపు నన్నూ అదే అనుకుంటారు. ఆ పేరుతో జానమ్మ ముందు ఎలా నిలబడతాను? తేలేదాకా ముహూర్తం పెట్టించకు.

మామను మాత్రం ఎలాగైనా ఆపు. తనిఖీ రోజున గేటు దగ్గర పొట్టేలు పేరుతో లొల్లి అయితే నా పని అయిపోయినట్టే.

జంగయ్య


సారా బట్టీ
23-3-1949

నాయినా, అమ్మా,

తనిఖీ అయిపోయింది. నేను పొద్దుటినుంచి మధ్యాహ్నం దాకా సారా గదిలోనే, మొహతమీం సాబు గుమాస్తాతో పీపాలు కొలుస్తూ ఉన్నాను. ఘాటు, కొలత అన్నీ సరిపోయాయి. బయటికి వచ్చేసరికి షికాయతు కొట్టేశామని చెప్పారు. ఎందుకో చెప్పలేదు. సాబు నన్ను చూసి నవ్వాడు. ఆ తర్వాత గుత్తేదారును చూసి ఇంకా నవ్వాడు. వైశాఖానికి సెలవు మంజూరు చేసి, చెవి తీసుకోవడానికి వేరే దారోగాను పంపుతానన్నాడు.

మారయ్య మామ వచ్చి గేటు పక్కన షెడ్డులో కూర్చుని ఉన్నాడు. అతని చేతిలో సాబు తాగే కప్పులో చాయ ఉంది. ఏమైంది మామా అని అడిగితే నా తలమీద చెయ్యి పెట్టి, “మీ నాయినకు నేనే చెప్త. నువ్వు రాయకు, ఖరాబు చేస్తవు” అన్నాడు. నా వంకర రొట్టెలు రెండు తిని బయలుదేరాడు.

ఏమైందో తెలిస్తే నాకు కూడా రాయి.

జంగయ్య


కేతేపల్లి
4-4-1949, సోమవారం

సర్కారు గడపకు సిగ్గు నేర్పిన నా కొడుకు జంగయ్యకు, మీ నాయిన చెన్నయ్య, మీ అమ్మ బక్కమ్మ, మీ మామ మారయ్య, ముగ్గురూ ఒక్కచోట కూర్చుని రాయిస్తున్నారు. రాసేది నేనే, పక్కనుంచి పొడిచేది వాళ్లు.

విరోధి అని పేరు పెట్టుకున్న సంవత్సరం ఇంత మంచిగా మొదలవుతుందని ఏ పంచాంగం అయినా చెప్పిందా? ఉగాది మర్నాడు మారయ్య ఊళ్లోకి వచ్చాడు. మామను ఆపమని నువ్వు రాసిన ఉత్తరం అతను బయలుదేరిన తర్వాత వచ్చింది. చదవగానే వెనకాల మనిషిని ఉరికించాను, అందలేదు. అన్నాళ్లూ మీ అమ్మ నాతో మాట్లాడలేదు. అన్నం కంచంలో పెట్టి పొట్టేలుతో చెప్పేది, “తినుమను.”

ఇప్పుడు విను. నువ్వు లోపల పీపాలు కొలుస్తుంటే గేటు దగ్గర ఏం జరిగిందో మీ మామ మన దొడ్డి ముందు ఆడి చూపించాడు. సాబులాగా నడిచాడు, గుత్తేదారులాగా చేతులు కట్టుకున్నాడు. ఊరంతా కూర్చుని చూసింది. నేను ఆడలేను కాబట్టి రాస్తాను.

గేటు కాపలావాడు కర్ర అడ్డం పెట్టాడట. మారయ్య కర్రను పక్కకు నెట్టి అరిచాడు, “దారోగాను బయటికి పిలువుండ్రి. నా పొట్టేలు సంగతి తేల్చుకోవాలె.”

ఆ పక్క షెడ్డులోనే మొహతమీం సాబు, గుత్తేదారు చాయ తాగుతున్నారు. పొట్టేలు అన్న మాట వినగానే గుత్తేదారు లేచాడట, పండుగ వచ్చినట్టు. “జూసిండ్రా సాబ్, నాదొక్కటే అనుకున్న. ఈ బీదోని పొట్టేలు గూడ తిన్నడు. రానియ్యుండ్రి, పెద్దమనిషిని లోపలికి రానియ్యుండ్రి.” ఆయనే చెయ్యి పట్టుకుని తీసుకుపోయి, సాబు ముందు నిలబెట్టాడు. ఇంత సాయం మనకు సొంతవాళ్లు కూడా చేయరు.

సాబు ముసలివాడట. గడ్డం నెరిసింది, మాట మెల్లగా ఉంటుంది. “చెప్పు, దారోగా నీ పొట్టేలు తీసుకున్నడా?”

“తీసుకుంటే ఈడిదాక ఎందుకొస్త? తీసుకోలే. అదే నా బాధ.”

సాబు చాయ కప్పు కింద పెట్టాడట. “అర్థం గాలే. మల్ల చెప్పు.”

“నా బిడ్డనిస్తనని మాట పొట్టేలు ఇచ్చిన. దారోగా తండ్రి మా బావ, జర సంబురం ఎక్కువైతే ఆగడు. దాన్ని తెచ్చి ఈడ ఎవడో గుత్తేదారు ఉన్నడట, ఆనికి పంపిండు. ఈ పిల్లగాడు గేటుకాడికెల్లి ఇప్పి మల్ల మా ఊరికే తోలిండు. మా దాంట్ల మాట పొట్టేలు ఎనకకు తోలితే పిల్ల వద్దన్నట్టు. నా బిడ్డ ఎందుకు వద్దో ఆన్ని అడగాలె. మీరు ఇన్సాఫ్ చెయ్యుండ్రి.”

మారయ్యకు షికాయతు సంగతి ఏమీ తెలియదు కదా. తన పక్కన నిలబడ్డవాడే ఆ గుత్తేదారు అని కూడా తెలియదు. గుత్తేదారు చెయ్యి మాత్రం మెల్లగా మారయ్య భుజం మీదినుంచి జారిపోయిందట.

“ఆ పొట్టేలు ఎట్లుంటది?” అని సాబు అడిగాడు.

“కుడి కొమ్ము కొస ఇరిగింది. ఎడమ చెవికి మా ఇంటి కోత. మెడల మా తాత నాటి గంట, నాలుక వంకర, ‘టుంగు’ అనదు, ‘టడక్’ అంటది.”

సాబు గుత్తేదారు వైపు తిరిగాడు. “మీది ఎట్లుండె?”

గుత్తేదారు మెడ మీద చెమట తుడుచుకుని, “పొట్టేలు... పొట్టేలు లెక్కనే ఉండె, సాబ్” అన్నాడట.

ఈ మాట దగ్గర మన దొడ్డి ముందు జనం నవ్విన నవ్వుకు గొర్రెలు బెదిరి తడిక విరగ్గొట్టాయి. మళ్లీ పట్టుకొచ్చేదాకా కథ ఆగింది.

అప్పుడు సాబు మారయ్యను పక్కన కూర్చోబెట్టుకుని చాయ పోయించాడు. “దారోగా పొట్టేలు తిన్నడని వచ్చిన షికాయతులు నా నౌకరీల మస్తు జూసిన. తినలేదని షికాయతు మోసుకొచ్చినోనివి నువ్వొక్కనివే” అన్నాడట. “పోయి పెండ్లి పనులు చూసుకో. పిల్లగాడు నీ బిడ్డను వద్దనలే. నా ఇజ్జత్ గూడ కాపాడిండు.”

కొడుకా, ఈ ముక్క విన్నాక నేను లేచి పోయి, విరిగిన తడికను కట్టుకుంటూ కూర్చున్నాను. మనం ఎందుకు ఇంత తికమక పడ్డామో అప్పుడు తెలిసింది. మా అయ్య కాలం నుంచి సర్కారు మనిషి గడప దాటి లోపలికి పోయిన జీవాలే చూశాం. పోయింది తిరిగి రావడం ఊళ్లో ఎవరూ ఎరగరు. అందుకే గంట మోగుకుంటూ పొట్టేలు వస్తే నౌకరీ పోయిందన్నాం, పెండ్లి తప్పిందన్నాం. కొడుకు నిజాయితీగా ఉన్నాడు కాబట్టి వచ్చిందని మాత్రం ఒక్కడికీ తోచలేదు. నాకు కూడా తోచలేదు. తండ్రినై ఉండి.

నిన్న కొత్త ఆబ్కారీ జవాను ఎవడో చెట్ల లెక్కకు వచ్చి మన మంద వైపు చూస్తుంటే కాటమయ్య, “అటు చూడకు. ఆ ఇంటి గొర్రెను తీస్కపోతే పాలమూరు దాక పోయి నీ మీద షికాయతు చేస్తరు, తీస్కపోకున్నా చేస్తరు” అన్నాడట. జవాను నీళ్లు తాగి పోయాడు.

మొహతమీం సాబుకు ఏదైనా చేయాలని నా మనసు కొట్టుకున్నది. నిజం చెబుతున్నాను, మందలోకి పోయి ఒకదాని మెడకు తాడు కూడా వేశాను. మీ అమ్మ చూసింది. తాడు నా చేతిలోంచి తీసుకుని బావి గిలకకు కట్టుకుంది. కాబట్టి ఏమీ పంపడం లేదు, ఎవరికీ పంపడం లేదు. ఆయన చల్లగా ఉండాలని మాత్రం రోజూ లింగమంతుల స్వామికి చెబుతున్నాను. దానికి సుంకం లేదు కదా.

వైశాఖం వెన్నెల రోజుల్లో ముహూర్తం పెట్టించాను. కొత్త దారోగాకు చెవి అప్పజెప్పి, పీపాలన్నీ సరిగా చూపించి, తొందర పడకుండా రా. పందిరికి తాటాకు కాటమయ్య ఇస్తున్నాడు.

ఇది రాస్తుంటే జానమ్మ మజ్జిగ తెచ్చి వాకిట్లో నిలబడింది. నీకేమైనా రాయాలా అని అడిగాను. మొదట ఏమీ లేదన్నది. గడప దాటి, మళ్లీ వెనక్కి వచ్చి, “సర్కారు తాళం కాపాడినట్టే నన్ను గూడ కాపాడుతడా అని అడుగుండ్రి. ముద్ర గిద్ర ఏం వద్దు. ఊకె అడుగుండ్రి” అన్నది.

ఆ పిల్ల అన్నది అన్నట్టే రాశాను. జవాబు నువ్వే వచ్చి చెప్పుకోవాలి.

దారి వైపు చూస్తూ కూర్చున్న
మీ నాయిన చెన్నయ్య